తేనెపిట్టయు గన్నేరు శలభమును

దరియాలతిప్పలో మునిమాపువేళ పూలచెంత రెక్కలాడించుచు గాలిలో నిలిచియుండు చిన్న ప్రాణిని చూచి బాలురు పిట్టయని భ్రమపడవచ్చును. గాలిలో నిలిచి తేనె గ్రోలు హమ్మింగ్ పిట్టలు అమెరికా ఖండములయందే కలవు. ఇచ్చట కానవచ్చునది గన్నేరు శలభము కావచ్చును.

మన తేనెపిట్ట పగటివేళ తిరుగును. దానికి ఈకలు, రెండు కాళ్లు, వంపుతిరిగిన ముక్కు కలవు. అది తరచుగ కొమ్మపై వ్రాలియే తేనె త్రాగును. శలభమునకు ఆరు కాళ్లు, పొలుసులు కప్పిన నాలుగు రెక్కలు, చుట్టగా చుట్టుకొను తొండము కలవు. పిట్టగ్రుడ్డునుండి పిల్లయే వెడలును. శలభపు గ్రుడ్డునుండి గొంగళిపురుగు వెడలి, గన్నేరు, నందివర్ధనపు ఆకులు తిని, ప్యూపాదశ గడిపి రెక్కలు దాల్చును.

ఆ పురుగు తోకపై కొమ్మువంటిదొకటి యుండును. కుట్టునని భయపడి దానిని చంపనక్కరలేదు, అది కుట్టదు. తేనెపిట్ట సైతము తన పిల్లలకు పురుగులను, సాలీళ్లను తెచ్చి పెట్టును. మందు చల్లి పెరటి పురుగులన్నింటిని రూపుమాపినచో, పూలున్నను పిట్టపిల్లలకు ఆహారముండదు.

తలిదండ్రులారా, బిడ్డలను ఆ పురుగును చూడనిండు. గన్నేరు ఆకును మాత్రము నోట పెట్టనీయకుడు. పురుగునకు ఆహారమైన ఆ ఆకు మనకు విషము.