ఇంటి పన్నుతో నడిచే బడి

అమెరికాలో ప్రభుత్వ బడిని ఎవరు నడుపుతారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, చదువు ఎలా ఉందో ఎవరు తేలుస్తారు? తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సస్‌లో ఈ మూడు ప్రశ్నలూ ఇప్పుడు వేడెక్కి ఉన్నాయి.

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్ వైపు ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబాలు వాస్తు ఎంత పట్టింపుగా చూస్తాయో, బడినీ అంతే పట్టింపుగా చూస్తాయి. ఈ ఇంటికి ఏ ఎలిమెంటరీ వస్తుంది? హైస్కూలు ఏది? రేటింగ్ ఎంత? ఈ ప్రశ్నలు అడగకుండా అడ్వాన్సు ఇచ్చేవాళ్లు అరుదు. అడగడంలో అర్థం ఉంది. ఒక్క ఫ్రిస్కో నగరంలోనే నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల హద్దులు కలుస్తాయి: ఫ్రిస్కో, లూయిస్‌విల్, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్. చిరునామాలో ప్లేనో అని ఉన్న ఇంటి పిల్లలు ఫ్రిస్కో డిస్ట్రిక్టు బడికి వెళ్లే వీధులూ ఉన్నాయి. బడుల పటం వేరు, ఊరి పటం వేరు.

డిస్ట్రిక్టు అనగానే కలెక్టరు ఉండే జిల్లా గుర్తుకొస్తుంది కానీ దానికీ దీనికీ పోలిక లేదు. స్కూల్ డిస్ట్రిక్టు అంటే బడుల కోసమే ఏర్పడిన స్థానిక ప్రభుత్వం. దానికి సొంత హద్దులు, సొంత ఎన్నికలు, సొంత పన్ను ఉంటాయి. టెక్సస్‌లో చాలావాటి పేరు చివర ‘ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్’ అని ఉంటుంది. మేయరుకు గానీ, కౌంటీకి గానీ దానిమీద అజమాయిషీ లేదు. అమెరికా మొత్తం మీద ఇలాంటి డిస్ట్రిక్టులు దాదాపు 13 వేలు. టెక్సస్‌లోనే వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ రాష్ట్రంలో ప్రభుత్వ బడులకు వెళ్లే పిల్లలు 55 లక్షల వరకూ ఉంటారు.

జీతం లేని ఏడుగురు

ఫ్రిస్కో డిస్ట్రిక్టును నడిపేది ఓటర్లు ఎన్నుకున్న ఏడుగురు ట్రస్టీల బోర్డు. పదవీకాలం మూడేళ్లు. రాష్ట్ర చట్టం ప్రకారం ట్రస్టీకి జీతం ఉండదు. పగలు తమ ఉద్యోగం చూసుకుని, సాయంత్రాలు బోర్డు పనికి కూర్చుంటారు. సూపరింటెండెంటును నియమించేదీ, పనితీరు బాగా లేకపోతే సాగనంపేదీ వాళ్లే. బడ్జెట్‌ను ఆమోదించడం, పన్ను రేటు నిర్ణయించడం, ఏ బడిని తెరవాలో ఏది మూయాలో తేల్చడం కూడా వాళ్ల పనే. రోజువారీ నిర్వహణ మాత్రం సూపరింటెండెంటు చేతిలో ఉంటుంది.

బోర్డు సమావేశాలు బహిరంగంగా జరగాలి. అజెండా ముందుగా ప్రకటించాలి. అజెండాలోని ఏ అంశం మీదైనా మాట్లాడదలచినవాళ్లు పేరు నమోదు చేసుకుంటే మైకు ఇవ్వాల్సిందే. కొద్ది నిమిషాల గడువులో తల్లో తండ్రో లేచి, బస్సు రూటు తీసేశారనో, తమ పిల్లవాడి సెక్షన్లో టీచరు లేరనో చెబుతారు. అజెండాలో లేని విషయం ఎవరైనా లేవనెత్తితే బోర్డు అక్కడికక్కడ చర్చకు దిగడానికి వీల్లేదు. వివరం చెప్పవచ్చు, ఉన్న నిబంధన చదివి వినిపించవచ్చు, తర్వాతి సమావేశపు అజెండాలో చేర్చవచ్చు. ముందస్తు నోటీసు లేకుండా ఏ నిర్ణయమూ జరగకూడదన్నది ఆ కట్టడి ఉద్దేశం. మైకు ముందు నిలబడ్డవాళ్లకు మాత్రం ఎదుట ఏడుగురు పెదవి విప్పకుండా కూర్చున్నట్టే ఉంటుంది.

మన దగ్గర ఈ అధికారాలన్నీ ఎక్కడెక్కడో ఉంటాయి. టీచర్ల ఎంపిక డీఎస్సీతో, జీతాలు ట్రెజరీ నుంచి, పాఠ్యపుస్తకాలు రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి నుంచి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో ఆ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. కానీ పన్ను వేసే అధికారం, హెడ్మాస్టరును నియమించే అధికారం ఆ కమిటీకి లేవు. ఫ్రిస్కో బోర్డుకూ మన కమిటీకీ ఉన్న అసలు తేడా ఇదే.

నూరు డాలర్లకు ఒక డాలరు

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడికి కావలసిన డబ్బులో ప్రధాన భాగం ఇళ్లూ స్థలాల మీద వేసే పన్ను నుంచీ, రాష్ట్ర ఖజానా నుంచీ వస్తుంది. వాషింగ్టన్ నుంచి వచ్చేది చిన్న వాటా. ఇంటి యజమాని ఏటా కట్టే ప్రాపర్టీ ట్యాక్సులో అన్నిటికంటే పెద్ద పద్దు సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్టుదే.

లెక్క ఇలా ఉంటుంది. సొంతంగా కాపురముంటున్న ఇంటి విలువ 5 లక్షల డాలర్లు అనుకుందాం. అందులో 1,40,000 డాలర్లకు బడి పన్ను మినహాయింపు ఉంది. 2023కు ముందు ఆ మినహాయింపు 40 వేలే. ఆ ఏడాది లక్షకు పెంచారు, 2025 నవంబరులో ఓటర్లు 1,40,000కు ఒప్పుకున్నారు. మిగిలిన 3,60,000 మీద నూరు డాలర్లకు ఒక డాలరు చొప్పున వేస్తే 3,600 డాలర్లు. రేటు డిస్ట్రిక్టును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆ రేటులో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి జీతాలకు, కరెంటుకు, బస్సులకు. రెండోది భవనాల కోసం చేసిన బాండ్ల అప్పు తీర్చడానికి. ఒకదాని డబ్బు రెండోదానికి ఇష్టం వచ్చినట్టు మళ్లించలేరు. కొత్త స్టేడియం కట్టిన డిస్ట్రిక్టు టీచర్లను ఎందుకు తగ్గిస్తోందని జనం కోప్పడేది ఈ ముక్కల సంగతి తెలియకే.

రాష్ట్రం ఒక్కో పిల్లవాడికి లెక్కగట్టే మూల మొత్తం 2019లో 6,160 డాలర్లు. తర్వాత ఆరేళ్లు అది కదల్లేదు. ఆ మధ్యలో ధరలు ఎంత పెరిగాయో కిరాణా కొట్టుకు వెళ్లే ప్రతి ఒక్కరికీ తెలుసు. 2025లో శాసనసభ బడులకు సుమారు 850 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చింది. అందులో మూల మొత్తానికి కలిపింది మాత్రం 55 డాలర్లు. మిగతాది ఎక్కువగా టీచర్ల జీతాల వంటి నిర్దిష్ట పద్దులకు వెళ్లింది. టీచర్లకు అది మేలే. డిస్ట్రిక్టు తన అవసరం చూసుకుని ఖర్చు పెట్టుకునే వెసులుబాటు మాత్రం పెద్దగా పెరగలేదు.

ఇంకో మెలిక, చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది. టెక్సస్ డబ్బు ఇచ్చేది బడిలో పేరున్న పిల్లల్ని లెక్కపెట్టి కాదు, సగటున రోజూ హాజరయ్యే పిల్లల్ని బట్టి. రోజూ ఒక నిర్ణీత సమయంలో హాజరు వేస్తారు. డిసెంబరులో సెలవులకు వారం ముందే హైదరాబాదు విమానమెక్కిన పిల్లల సీటు ఖాళీగా ఉంటే ఆ రోజుల లెక్క తగ్గుతుంది. టీచరు జీతం, ఏసీ ఖర్చు మాత్రం తగ్గవు.

ఎడ్జ్‌వుడ్ నుంచి వచ్చిన ప్రశ్న

ఇంటి పన్ను మీద బడి నిలబడితే ఖరీదైన ఇళ్లున్న చోట మంచి బడి, చవక ఇళ్లున్న చోట బీద బడి వస్తాయి. ఈ సంగతిని దేశం ముందు పెట్టింది శాన్ ఆంటోనియో నగరంలోని ఎడ్జ్‌వుడ్. 1968 మేలో అక్కడి హైస్కూలు పిల్లలు సరైన వసతులు, అర్హులైన టీచర్లు కావాలంటూ తరగతులు వదిలి బయటికి వచ్చారు. ఆ ఏడాదే షీట్ మెటల్ కార్మికుడు డెమెట్రియో రోడ్రిగెజ్, మరికొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు.

కోర్టు ముందున్న అంకెలు ఈనాటికీ చదవదగినవి. ఎడ్జ్‌వుడ్ ప్రజలు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టేవారు. అదే నగరంలోని సంపన్న డిస్ట్రిక్టు అలమో హైట్స్ 85 సెంట్లే కట్టేది. అయినా స్థానిక పన్ను నుంచి ఎడ్జ్‌వుడ్ పిల్లవాడికి దక్కింది 26 డాలర్లు, అలమో హైట్స్ పిల్లవాడికి 333 డాలర్లు. రాష్ట్ర, కేంద్ర నిధులు కలిపాక కూడా 356కు 594. ఎక్కువ పన్ను కట్టినవాళ్లకు తక్కువ బడి వచ్చింది.

1973 మార్చి 21న అమెరికా సుప్రీం కోర్టు 5-4 తేడాతో రోడ్రిగెజ్ వాదనను కొట్టేసింది. చదువు సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ పావెల్ అంతకుముందు వర్జీనియాలోని రిచ్‌మండ్ స్కూలు బోర్డుకు అధ్యక్షుడిగా పనిచేసినవారు. తమ బడిని తామే నడుపుకోవాలన్న స్థానిక అధికారం మీద ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో బలం లేకపోలేదు. కానీ 26 డాలర్లతో ఏ తల్లిదండ్రులు ఏ బడిని నడుపుకోగలరు?

ఎడ్జ్‌వుడ్ వదల్లేదు. ఈసారి టెక్సస్ రాజ్యాంగాన్నే పట్టుకుంది. 1989లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఎడ్జ్‌వుడ్ పక్షాన నిలిచింది. అప్పటికి అత్యంత సంపన్న డిస్ట్రిక్టులో ఒక్కో విద్యార్థికి లెక్కవచ్చే ఆస్తి 1.4 కోట్ల డాలర్లు, అత్యంత పేద డిస్ట్రిక్టులో 20 వేలు. ఏడు వందల రెట్ల తేడా. ఫలితంగా 1993లో వచ్చింది ‘రీకాప్చర్’, జనం నోట ‘రాబిన్ హుడ్’. ఆస్తి విలువ బాగా ఉన్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత రాష్ట్రం తీసుకుని పంపిణీకి కలుపుతుంది. అందరికంటే ఎక్కువ ఇస్తున్నది ఆస్టిన్. ప్లేనో కూడా పెద్ద చెల్లింపుదారే. ఈ ఏర్పాటుపై అక్కడి ఇంటి యజమానులకు అసంతృప్తి ఉంది. కానీ ఎడ్జ్‌వుడ్ అంకెలు చూశాక దాన్ని అన్యాయమనడం కష్టం. సంపన్నుల నుంచి తీసుకున్న మేరకు రాష్ట్రం తన ఖజానా వాటాను తగ్గించుకోకుండా ఉందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

పెరుగుట, తరుగుట

1990లో ఫ్రిస్కో జనాభా ఆరు వేల పైచిలుకు. 2020 నాటికి రెండు లక్షలు దాటింది. బడులు ఏటా తెరుచుకుంటూ పోయాయి. ఒక్కో హైస్కూలును చిన్నదిగా ఉంచాలన్నది డిస్ట్రిక్టు విధానం, అందుకే పన్నెండు హైస్కూళ్లు. ఇప్పుడు గాలి మళ్లింది. ఇళ్ల ధరలు చిన్నపిల్లలున్న కుటుంబాలకు అందకుండా పోయాయి, జననాలు తగ్గాయి, పిల్లల సంఖ్య జారుతోంది. 2024-25 విద్యా సంవత్సరంతో స్టేలీ మిడిల్ స్కూలును మూసేశారు. పక్కనే ఉన్న ప్లేనో 2024లో ఒకేసారి నాలుగు బడుల మూసివేతకు ఓటేసింది.

2024 నవంబరులో ఫ్రిస్కో బోర్డు ఓటర్లను పన్ను రేటు పెంపునకూ, వంద కోట్ల డాలర్ల స్థాయి బాండ్లకూ అనుమతి అడిగింది. ఓటర్లు అన్నిటినీ తిరస్కరించారు. బాండ్ల అంశం కింద బ్యాలెట్‌పై ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రేటు పెరగకపోయినా ఆ వాక్యం ఉండి తీరాలని 2019 చట్టం చెబుతోంది. ఆ వాక్యం చదివి కాదన్న ఓటరును తప్పుపట్టలేం. అసలు సంగతి ఓటరుకు ముందుగా విడమరిచి చెప్పాల్సింది బోర్డే.

ఎ నుంచి ఎఫ్ దాకా

బడి ఎలా ఉందో చెప్పడానికి రాష్ట్రం ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు ఇస్తుంది. ఆధారం ప్రధానంగా రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలు. 2023లో కొలబద్ద మార్చారు. చదువు ముగించి కాలేజీకి, ఉద్యోగానికి, సైన్యానికి సిద్ధమైన పిల్లలు 60 శాతం ఉంటే అంతకుముందు ఆ అంశంలో హైస్కూలుకు ఎ వచ్చేది. ఆ గీతను 88కి జరిపారు. వందకు పైగా డిస్ట్రిక్టులు కోర్టుకు వెళ్లాయి, రేటింగులు ఆగిపోయాయి. 2023 ఫలితాలు 2025 ఏప్రిల్‌లో గానీ బయటికి రాలేదు. అక్షరం చూసి ఇల్లు కొన్నవాళ్లు ఆ రెండేళ్లూ పాత అక్షరాన్నే చూశారు. పైగా ఆ ఒక్క అక్షరం పిల్లల ఇంటి పరిస్థితినీ, బడి చేసిన పనినీ కలిపి కొలుస్తుంది. దాన్ని బట్టి బడి మొత్తాన్ని తూచడం పొరపాటు.

ఆ అక్షరానికి బోర్డునే తీసేసే బలం ఉంది. ఒక బడి వరుసగా అయిదేళ్లు ఫెయిలైతే రాష్ట్రం ఆ బడిని మూయాలి, లేదా డిస్ట్రిక్టు బోర్డును పక్కన పెట్టాలి. రాష్ట్రంలోకెల్లా పెద్దదైన హ్యూస్టన్ డిస్ట్రిక్టులో జరిగింది అదే. వీట్లీ హైస్కూలు వరుస వైఫల్యాలతో మొదలైన వివాదం కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. 2022లో వీట్లీ సి తెచ్చుకున్నా, 2023 జూన్ 1న రాష్ట్రం తొమ్మిది మంది మేనేజర్లను, కొత్త సూపరింటెండెంటుగా మైక్ మైల్స్‌ను నియమించింది. ఎన్నికైన ట్రస్టీల చేతిలో అధికారం పోయింది.

మైల్స్ చాలా బడుల్లో పాఠాన్ని నిమిషాల లెక్కన కట్టుదిట్టం చేశారు. కొన్ని బడుల్లో లైబ్రరీ గదులను వేరే పనికి మార్చారు. పెద్ద సంఖ్యలో టీచర్లు వెళ్లిపోయారు. 2025 ఆగస్టు రేటింగుల్లో హ్యూస్టన్ డిస్ట్రిక్టులో ఎఫ్ వచ్చిన బడి ఒక్కటీ లేదు. ఆ మెరుగుదలను తీసిపారేయకూడదు. అయితే 2024 నవంబరులో 440 కోట్ల డాలర్ల బాండ్లను అదే నగర ఓటర్లు ఓడించారు. తాము ఎన్నుకోని బోర్డుకు డబ్బు అప్పగించబోమని చాలామంది బాహాటంగా చెప్పారు. మార్కులు పెరిగాయి, నమ్మకం పెరగలేదు. 2025 అక్టోబరులో బోర్డును కోల్పోయే వంతు ఫోర్ట్‌వర్త్ డిస్ట్రిక్టుకు వచ్చింది. 2026-27 నుంచి ప్రైవేటు బడి ఫీజులకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే వంద కోట్ల డాలర్ల పథకమూ మొదలవుతుంది. పిల్లలు అటు కదిలిన మేరకు డిస్ట్రిక్టుల హాజరు లెక్క తగ్గుతుంది.

స్థానిక బోర్డు అధికారం ఇలా ఒక్కో వైపు నుంచి కరుగుతున్నప్పుడు దాన్ని కాపాడాల్సింది స్థానిక ఓటర్లే. కానీ ట్రస్టీల ఎన్నికలు ఎక్కువ చోట్ల మే నెల మొదటి శనివారం జరుగుతాయి. నూటికి పదిమంది కూడా ఓటు వేయని ఏళ్లు మామూలే.

ఫ్రిస్కో బడుల్లో ఇప్పుడు ఆసియా మూలాలున్న పిల్లలదే అతిపెద్ద వర్గం. అందులో తెలుగు ఇళ్ల పిల్లలు గణనీయంగా ఉన్నారు. హెచ్-1బి మీద ఉన్న తల్లిదండ్రులకు ఓటు లేదు, పన్ను మాత్రం పౌరులతో సమానంగా కడతారు. ఓటు లేకపోయినా బోర్డు సమావేశంలో పేరు రాయించుకుని మాట్లాడవచ్చు, బడ్జెట్‌పై బహిరంగ విచారణకు వెళ్లవచ్చు, డిస్ట్రిక్టు కమిటీల్లో చేరవచ్చు. పౌరసత్వం వచ్చినవాళ్లు ఎన్నికకు ముప్పై రోజుల ముందే ఓటరుగా నమోదు కావాలి. ఇల్లు కొనేటప్పుడు రేటింగ్ అడిగిన ప్రతి ఒక్కరూ మే మొదటి శనివారం బ్యాలెట్‌పై ఏ ట్రస్టీల పేర్లున్నాయో కూడా తెలుసుకోవాలి. ఓటున్నవాళ్లు ఆ రోజు పోలింగ్ కేంద్రానికి వెళ్లాలి.