15 పిన్నులు, 3 వోల్టులు, ఒక రబ్బరు ముక్క

"ఒరే, బొమ్మ రావట్లా" అంటూ నందిగామలో డీటీపీ షాపు నడిపే మా బాబాయి ఫోన్ చేశారంటే పెళ్లిళ్ల సీజన్ మొదలైందని లెక్క. మామూలు రోజుల్లో ఆయన షాపు కంప్యూటర్ బుద్ధిగానే ఉంటుంది. పది శుభలేఖలు అచ్చుకు వెళ్లాల్సిన రోజునే మొండికేస్తుంది.

అది 2009లో కొన్న డెస్క్‌టాప్. లోపల విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7.0, అను తెలుగు ఫాంట్లు. ఎక్స్‌పీ బాధ్యత తనది కాదని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే చేతులు దులుపుకుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత ఇంకో వెర్షనే లేదు. అయినా శుభలేఖలూ కరపత్రాలూ దశదిన కర్మ కార్డులూ ఈ మూడింటి మీదే నడుస్తున్నాయి. 2022 ఏప్రిల్ 4న నందిగామ, జగ్గయ్యపేట కృష్ణా జిల్లా నుంచి కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి. అప్పుడు బాబాయి ఖాతాదారుల లెటర్‌హెడ్లూ బిల్లు పుస్తకాలూ జిల్లా పేరు మార్చుకున్నది ఈ పాత డబ్బా మీదే. కాబట్టి ఆయనకు "కొత్తది కొనుక్కో" అని చెప్పడం సలహా కిందికి రాదు. పాత ఫైళ్లన్నీ అందులో ఉన్నాయి, ఆయన వేళ్లకు ఆ కీబోర్డే అలవాటు.

బొమ్మ రాకపోతే మన వైపు మొదట చేసే పని డబ్బాను బస్సెక్కించడం. నందిగామ నుంచి విజయవాడ దాదాపు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి దాదాపు 75. 65వ నంబరు జాతీయ రహదారి మీద సీపీయూను ఒళ్లో పెట్టుకుని వెళ్లిన ప్రయాణాలు నాకూ ఉన్నాయి. (సీపీయూ అంటే నిజానికి లోపలుండే అగ్గిపెట్టె కన్నా చిన్న చిప్పు. మన దగ్గర మొత్తం డబ్బాకే ఆ పేరు స్థిరపడిపోయింది, నేనూ అలాగే అంటాను.) తీరా అక్కడ వైరు పెట్టి స్విచ్ వేస్తే బొమ్మ నిక్షేపంలా వస్తుంది. ఎందుకంటే జబ్బు డబ్బాలో లేదు, షాపులో వదిలేసి వచ్చిన కేబుల్‌లో ఉంది. ఒక రోజు పోయె, రానుపోను ఛార్జీలు పోయె.

అందుకే మొదటి పరీక్షకు ఖర్చు 0 రూపాయలు, సమయం 10 సెకన్లు. మానిటర్ నుంచి సీపీయూకి వెళ్లే వైరును సీపీయూ వైపు పీకేసి, మానిటర్‌ను ఒక్కదాన్నే ఆన్ చేయండి. "నో సిగ్నల్" అనో "చెక్ సిగ్నల్ కేబుల్" అనో కనిపించిందా, మానిటర్ బతికే ఉంది. అసలేమీ రాకపోతే గది చీకటి చేసి, టార్చిని తెర మీదికి ఏటవాలుగా కొట్టి చూడండి. అక్షరాలు నీడల్లా లీలగా కనిపిస్తే తెర పనిచేస్తోంది, వెనక దీపం ఆరిపోయింది. పాత ఎల్‌సీడీల్లో ఆ దీపం సన్నటి ట్యూబ్‌లైటు. అది వెలగడానికి వందల వోల్టులు కావాలి, రాజుకునే క్షణంలో వెయ్యి దాటుతుంది. అది మెకానిక్ పని, మనది కాదు.

మానిటర్ బతికుంటే తర్వాతి అనుమానం కేబుల్ మీద. పాత డెస్క్‌టాప్ జబ్బుల్లో సగం వినోదం ఇక్కడే ఉంది. నీలం రంగు మూతి ఉండే వీజీఏ కేబుల్‌ను ఐబీఎం 1987లో తెచ్చింది. మూడు వరసల్లో వరసకు 5 చొప్పున 15 పిన్నులు. 1వ పిన్ను ఎరుపు, 2వది ఆకుపచ్చ, 3వది నీలం. ఒక్కో రంగు 0 నుంచి 0.7 వోల్టు మధ్య ఊగే చిన్న విద్యుత్తుగా వస్తుంది. టార్చి బ్యాటరీలో సగం కూడా కాదు. అంత పలచటి సంకేతం కాబట్టి పిన్ను కాస్త వంగినా, లోపల వైరు తెగినా ఆ రంగు తెర మీద నుంచి మాయమవుతుంది. నీలం పోతే తెల్ల కాగితం పసుపు పచ్చగా కనిపిస్తుంది. ఆకుపచ్చ పోతే ముదురు గులాబీ, ఎరుపు పోతే ఆకాశ నీలం.

ఓసారి బాబాయి షాపులో నీలం పిన్ను వంగింది. శుభలేఖ తెర మీద మొత్తం పసుపు. పెళ్లికొడుకు తండ్రి చూసి, "అబ్బ, పసుపు రాసినట్టు ఎంత కళగా ఉందండీ, ఇలాగే వేసేయండి" అన్నారు. అచ్చయి వచ్చిన తెల్ల కార్డును చూసి ఆయనకు కోపం రావడంలో తప్పేముంది?

వంగిన పిన్నును సరిచేయడానికి మెకానికల్ పెన్సిల్ సరిపోతుంది. లోపలి ముల్లు తీసేసి, ఖాళీ లోహపు మొనను పిన్ను మీదికి తొడిగి మెల్లగా నిలబెట్టాలి. ఒకసారి లేస్తుంది, రెండోసారీ లేవచ్చు, మూడోసారి విరుగుతుంది. చాలా కేబుళ్లలో 9వ పిన్ను పుట్టుకతోనే ఉండదు. మధ్య వరసలో ఖాళీ కనిపించిందని కంగారు పడొద్దు. 13, 14 పిన్నులు బొమ్మ అడ్డంగా ఎక్కడ మొదలవ్వాలో, నిలువుగా ఎక్కడ మొదలవ్వాలో చెప్పేవి. అవి పోతే రంగులతో నిమిత్తం లేకుండా బొమ్మే రాదు. కొత్త కేబుల్ 200 రూపాయల లోపే దొరుకుతుంది.

సీపీయూ వెనక రెండు వీజీఏ మూతులున్నాయా? ఒకటి మదర్‌బోర్డుది, ఇంకోటి విడిగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డుది. కార్డు ఉంటే చాలా బోర్డులు తమ మూతిని మూసేస్తాయి. దుమ్ము దులిపి తిరిగి బిగించేటప్పుడు వైరు తప్పు మూతిలో పెట్టి గంటలు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

కేబుల్ మంచిదే, మానిటర్ మంచిదే, సీపీయూ ఫ్యాను తిరుగుతోంది, అయినా బొమ్మ లేదు. అప్పుడు వినండి. స్పీకరున్న బోర్డయితే అదే చెబుతుంది. అవార్డ్ బయోస్ ఉన్నవాటిలో ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు అంటే గ్రాఫిక్స్ గోల. ఆగకుండా పొడుగు కూతలు వేస్తుంటే ర్యామ్. కంపెనీని బట్టి ఈ భాష మారుతుంది కానీ మందు మాత్రం ఒకటే: ఐదు రూపాయల రబ్బరు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటును దింపేయాలి. డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోవాలి. ఆ తర్వాత ర్యామ్ ముక్కను బయటికి తీయాలి. డీడీఆర్2 అయినా డీడీఆర్3 అయినా అంచున 240 బంగారు పూత పళ్లుంటాయి, పక్కకు 120. వాటిని పిల్లలు పెన్సిల్ గీత చెరిపే రబ్బరుతో సున్నితంగా రుద్ది, పొడిని బ్రష్షుతో దులిపి, రెండు వైపులా టక్కుమనేదాకా తిరిగి నొక్కాలి. గరుకు కాగితం వాడారో, మైక్రాను మందం కూడా ఉండని ఆ పూత మళ్లీ రాదు. రెండు ముక్కలు, రెండు గాళ్లు ఉంటే ఒక్కో ముక్కను ఒక్కో గాడిలో పెట్టి చూడండి. మొత్తం 4 ప్రయత్నాలు. ఏదో ఒకదాంట్లో బొమ్మ వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

అక్కడే రూపాయి బిళ్లలా మెరిసే బ్యాటరీ కనిపిస్తుంది. దాని పేరు సీఆర్2032. కొలతలు పేరులోనే ఉన్నాయి: 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. కొత్తదైతే 3 వోల్టులు. మల్టీమీటర్ మీద 2.8 కన్నా దిగితే మార్చేయండి, ధర 50 రూపాయలు దాటదు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోయి ఎఫ్1 నొక్కమంటే ఇదే కారణం. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే బొమ్మ ఏ మూతి నుంచి పంపాలన్న మన సెట్టింగునూ బోర్డు మరిచిపోతుంది. కొన్ని పాత బోర్డులు తెరను అసలు లేపవు.

ఇప్పుడు మన మెట్ట వేడి సంగతి. వేసవిలో వాతావరణ శాఖ ఉష్ణోగ్రతల జాబితాలో నందిగామ పేరు తరచూ పైనే కనిపిస్తుంది, 44 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. మనుషులు నీడకు పోతారు. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడే కెపాసిటర్లు ఎక్కడికి పోతాయి? వాటి మీద 105 డిగ్రీలని రాసి ఉంటుంది. మామూలు రకానికి ఆ వేడిలో ఆయుష్షు 2,000 గంటలు. వేడి 10 డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయుష్షు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. 95 దగ్గర 4,000, 85 దగ్గర 8,000, 75 దగ్గర 16,000, 65 దగ్గర 32,000 గంటలు. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు షాపు నడిస్తే 3,000 గంటలు. కెపాసిటర్ 65 డిగ్రీల్లో ఉంటే పదేళ్ల పైమాటే. 75కి చేరితే ఐదేళ్ల నాలుగు నెలలు. ఆ 10 డిగ్రీల తేడా ఒక్కోసారి ఫ్యాను మీది దుమ్మే.

జగ్గయ్యపేటలో ఒక పత్తి వ్యాపారి లెక్కల కంప్యూటర్ విప్పినప్పుడు ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య దూది పరుపులా పేరుకుపోయి ఉంది, ఓ మూల రెండు బల్లి గుడ్లు. ఆన్ చేసిన పావుగంటకు తెర నల్లబడేదట. ఆయన మానిటర్‌ను రెండుసార్లు మార్చారు! మెత్తటి బ్రష్షు, ఊదే బ్లోయరు సరిపోయాయి. ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో ఆపండి.

కెపాసిటర్ తల చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, మీద గోధుమరంగు జిగురు కారినా అది అయిపోయినట్టే. 2000 తర్వాతి కొన్నేళ్లలో నాసిరకం కెపాసిటర్లతో ప్రపంచమంతటా లక్షల బోర్డులు ఇలాగే పోయాయి. మానిటర్ లోపలా ఇవే ఉంటాయి. ఆన్ చేయగానే బొమ్మ రెండు సెకన్లు వచ్చి పోవడం, వేడెక్కాక గానీ నిలబడకపోవడం వాటి లక్షణాలు. టంకం తెలిసిన మెకానిక్ చిన్న ఖర్చుతో మారుస్తాడు. మానిటర్‌లోవైతే మార్పించండి. మదర్‌బోర్డు మీద అరడజను ఉబ్బి ఉంటే నా మాట విని ఆ బోర్డు మీద డబ్బు పెట్టొద్దు.

సీపీయూలోని కరెంటు సరఫరా డబ్బా (ఎస్‌ఎంపీఎస్) ఇచ్చే వోల్టేజీని మీటర్‌తో చూసుకోవచ్చు. పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3. నూటికి 5 అటూఇటూ ఒప్పు. అంటే పసుపు మీద 11.4కి తగ్గకూడదు, 12.6కి మించకూడదు. కొలిచేది బయటికి వచ్చిన కనెక్టర్ల దగ్గర మాత్రమే. ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పొద్దు. 230 వోల్టుల ఇంటి కరెంటు లోపలి కెపాసిటర్‌లో 325 వోల్టులై కూర్చుంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు దిగదు. ఇంకా పాత ట్యూబు మానిటర్ వాడుతున్నారా? అందులో రంగు గొట్టానికి 25,000 వోల్టుల దాకా వెళ్తాయి. మూత మీద చెయ్యి వేయొద్దు.

ఇక బొమ్మ వస్తుంది కానీ వంకరగా వస్తుందన్న ఫిర్యాదు. డీటీపీవాళ్లకు ఇదే ఎక్కువ నష్టం. బాబాయి ట్యూబు మానిటర్ తీసేసి 1366 బై 768 చుక్కల వెడల్పు మానిటర్ పెట్టారు. కంప్యూటర్ మాత్రం పాత 1024 బై 768లోనే పంపిస్తోంది. నిలువున రెండూ 768 కాబట్టి మార్పు లేదు. అడ్డంగా 1024 చుక్కల్ని 1366లోకి లాగాలి, అంటే బొమ్మ మూడో వంతు సాగుతుంది. మన అక్షరాలసలే గుండ్రటివి. సున్నా కోడిగుడ్డవుతుంది, ఠ పొట్ట పక్కకు జరుగుతుంది. కాగితం మీద అచ్చు మాత్రం సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే ప్రింటరుకు తెరతో పని లేదు. అది తెలియక బాబాయి తెర మీద గుండ్రంగా కనిపించేదాకా అక్షరాల వెడల్పు తగ్గించారు. వంద కార్డుల్లో వధువు పేరు బక్కచిక్కిపోయింది.

సెట్టింగ్స్‌లో 1366 వెతికితే పాత డ్రైవర్లలో కనిపించకపోవచ్చు. ఆ డ్రైవర్లు వెడల్పును 8తో నిశ్శేషంగా భాగించగలగాలని పట్టుబడతాయి. 1366ను 8తో భాగిస్తే 170.75 వస్తుంది. 1360కైతే సరిగ్గా 170. 1360 బై 768 ఎంచుకోండి, 6 చుక్కల తేడా కంటికి ఆనదు. "అవుట్ ఆఫ్ రేంజ్" అని వస్తే ట్యూబు మానిటర్ కాలంలో పెట్టిన 85 హెర్ట్జ్ అలాగే ఉండిపోయింది. ఎల్‌సీడీకి 60 చాలు. ఆన్ చేస్తూ ఎఫ్8 నొక్కి, ఎక్స్‌పీలో వీజీఏ మోడ్ ఎంచుకుని లోపలికెళ్లి మార్చుకోవచ్చు.

తెలుగు బదులు చదరపు డబ్బాలు కనిపించడం మానిటర్ జబ్బు కాదు, ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంటో దాన్ని కూర్చే ఏర్పాటో లేదు. అనులో కొట్టినది వేరే కంప్యూటర్‌లో పిచ్చి ఇంగ్లిషుగా కనిపించడమూ అంతే. యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 గదులతో అనుకు సంబంధం లేదు.

బొమ్మ రానంత మాత్రాన ఫైళ్లు పోలేదు. హార్డ్ డిస్క్‌కూ తెరకూ చుట్టరికం లేదు. బోర్డు చచ్చినా డిస్క్‌ను తీసి యూఎస్‌బీ వైరుతో ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే పదిహేనేళ్ల శుభలేఖలూ ఉన్నచోటే ఉంటాయి. కానీ పదిహేనేళ్లు తిరిగిన డిస్క్ కూడా ముసలిదే. బాబాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను: ఈ వారం, బొమ్మ బాగా వస్తున్నప్పుడే, అను ఫాంట్లతో సహా మొత్తం ఫోల్డరును రెండు వేర్వేరు పెన్‌డ్రైవ్‌ల్లోకి ఎక్కించి, ఒకటి ఇంట్లో పెట్టుకోండి.