పేషెంట్ రాని రాత్రికి బిల్లు ఎవరు కట్టాలి?

పాదయాత్ర అనగానే మనకి ఎన్నికలు గుర్తొస్తాయి. 2014 జులైలో అమెరికాలో ఒక మేయర్ మాత్రం ఆసుపత్రి కోసం పాదయాత్ర చేశారు. నార్త్ కరోలినా రాష్ట్రంలో బెల్‌హేవెన్ అనే చిన్న ఊరు. అక్కడున్న ఆసుపత్రి ఆ నెల 1న మూతపడింది. కొద్ది రోజులకే ఆ ప్రాంతంలో ఒక మహిళకి గుండెపోటు వచ్చింది. హెలికాప్టర్ కోసం చాలాసేపు ఎదురుచూడాల్సొచ్చింది, ఆమె బతకలేదు. మేయర్ ఆడమ్ ఓనీల్ రాజధాని వాషింగ్టన్ దాకా 273 మైళ్లు, అంటే దాదాపు 440 కిలోమీటర్లు, నడిచి వెళ్లి గోడు చెప్పుకున్నారు.

బెల్‌హేవెన్ లాంటి ఊళ్లు ఇంకా చాలా ఉన్నాయి. 2010 నుంచి అమెరికా పల్లె ప్రాంతాల్లో 140కి పైగా ఆసుపత్రులు పూర్తిగా మూతపడ్డాయి, లేదా పేషెంట్లని అడ్మిట్ చేసుకోవడం ఆపేశాయి. ప్రభుత్వం గ్రాంట్లు ఇస్తూనే ఉంది. అయినా ఎందుకిలా?

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక రాత్రి ఎమర్జెన్సీ తెరిచి ఉంచడానికి డాక్టరు, నర్సులు, ల్యాబ్, కరెంటు అన్నీ కలిపి 10,000 డాలర్లు అవుతుందనుకోండి. సిటీలో ఆ రాత్రి 100 మంది వస్తే మనిషికి 100 డాలర్లు పడుతుంది. పల్లెలో ఐదుగురే వస్తే మనిషికి 2,000. కానీ ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చేది చేసిన వైద్యానికే. ఎవరూ రాని రాత్రికి సున్నా. మన భాషలో చెప్పాలంటే, ట్రాఫిక్ లేకపోయినా సర్వర్ ఆన్‌లోనే ఉండాలి, రెంట్ మాత్రం ఎవరూ కట్టరు. ఫైర్ స్టేషన్‌కి ఎన్ని మంటలు ఆర్పితే అంత జీతం అని ఎవరైనా రూల్ పెడితే నవ్వుతాం కదా. పల్లె ఆసుపత్రుల విషయంలో దాదాపు అదే జరుగుతోంది.

ఇప్పుడు సాయం చరిత్ర చూడండి. 1946లో ప్రెసిడెంట్ ట్రూమన్ సంతకంతో హిల్-బర్టన్ చట్టం వచ్చింది. ఆసుపత్రులు కట్టడానికి గ్రాంట్లు ఇచ్చారు. బదులుగా, డబ్బు లేనివాళ్లకి కొంత ఉచిత వైద్యం చెయ్యాలని షరతు పెట్టారు. ఎన్నో చిన్న ఊళ్లకి దానివల్లే బిల్డింగ్ వచ్చింది. అయితే బిల్డింగ్ ఒకసారి ఖర్చు, జీతాలు ప్రతి నెలా ఖర్చు.

1983లో ఇంకో మలుపు. మెడికేర్ అంటే 65 ఏళ్లు దాటినవాళ్లకి అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్. అప్పటిదాకా ఆసుపత్రికి అయిన ఖర్చుని బట్టి డబ్బిచ్చేది. ఆ ఏడాది నుంచి జబ్బుని బట్టి ఫిక్స్‌డ్ రేటు పెట్టింది. దుబారా తగ్గించడానికి మంచి ఐడియానే. కానీ వంద మంది పేషెంట్ల మీద లాభనష్టాలు సర్దుకునే వీలు పెద్ద ఆసుపత్రికి ఉంటుంది, చిన్నదానికి ఉండదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో పల్లె ఆసుపత్రులు వరసగా మూతపడ్డాయి.

దాంతో 1997లో 'క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్' అనే కేటగిరీ తెచ్చారు. 25 బెడ్లకి మించకూడదు, మామూలుగా ఇంకో ఆసుపత్రికి 35 మైళ్ల దూరంలో ఉండాలి, ఎమర్జెన్సీ 24 గంటలూ తెరిచి ఉండాలి. ఇలాంటి వాటికి మెడికేర్ తన పేషెంట్ల వాటా ఖర్చులో 101% ఇస్తుంది. ఇప్పుడు ఇవి 1,300కి పైగా ఉన్నాయి. కానీ 2013లో మొదలైన 2% బడ్జెట్ కోత తర్వాత చేతికొచ్చేది సుమారు 99%. అంటే ఒక శాతం లాభం కాస్తా ఒక శాతం నష్టం అయింది.

ఫార్ములా ఎంత పని చేస్తుందో 2020లో కొవిడ్ సాయం చూస్తే అర్థమవుతుంది. అర్జెంటుగా డబ్బు పంపాలి కాబట్టి మొదటి విడత 30 బిలియన్ డాలర్లని, 2019లో ఎవరికి ఎంత మెడికేర్ డబ్బు వచ్చిందో ఆ నిష్పత్తిలో పంచారు. తర్వాతి విడతకి మొత్తం పేషెంట్ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నారు. కోడ్‌లో బగ్ ఏమీ లేదు, ఇన్‌పుట్టే తేడా. ఆదాయం ఎక్కువున్న ఆసుపత్రికి సాయం కూడా ఎక్కువ వెళ్లింది. పల్లె ఆసుపత్రులకని తర్వాత విడిగా 10 బిలియన్లు కేటాయించాల్సొచ్చింది.

2023లో వచ్చిన 'రూరల్ ఎమర్జెన్సీ హాస్పిటల్' పద్ధతి అసలు సమస్యకి కొంచెం దగ్గరగా వెళ్లింది. పేషెంట్లు వచ్చినా రాకపోయినా నెలకింత అని ఇస్తారు. మొదటి ఏడాది అది నెలకి సుమారు 2,72,000 డాలర్లు. కాకపోతే బెడ్లు వదులుకోవాలి. ఎమర్జెన్సీ ఉంటుంది, అడ్మిషన్ ఉండదు. న్యుమోనియా వచ్చిన తాతగారు వేరే ఊరికి వెళ్లాల్సిందే.

2025లో అక్కడి పార్లమెంటు పల్లె వైద్యానికి ఐదేళ్లలో 50 బిలియన్ డాలర్లు ప్రకటించింది. సగం రాష్ట్రాలన్నిటికీ సమానంగా పంచుతారు, చిన్నా పెద్దా తేడా లేదు. అదే చట్టం పేదల ఇన్సూరెన్స్ అయిన మెడికెయిడ్‌కి పదేళ్లలో 900 బిలియన్లకి పైగా తగ్గిస్తుందని అంచనా. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకోవడం అంటే ఇదే.

ఇదంతా మనకెందుకు అంటారా? ఆ ఊళ్లలో పనిచేసే డాక్టర్లలో మనవాళ్లూ ఉన్నారు. జె-1 వీసా మీద అక్కడ ట్రైనింగ్ అయినవాళ్లు, డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్లు పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న రూల్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఈ దారిలో ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మందిని పెట్టుకోవచ్చు. ఆసుపత్రే మూతపడితే ఆ డాక్టరు ఉద్యోగంతో పాటు వీసా కూడా ప్రశ్నే.

ఇంకోటి, 2007లో మొదలైన మన ఆరోగ్యశ్రీ కూడా చేసిన చికిత్సకి ప్యాకేజీ లెక్కన డబ్బిచ్చే పథకమే. ఎన్నో కుటుంబాలని అప్పుల నుంచి కాపాడింది. కానీ ప్యాకేజీ డబ్బు పేషెంట్ వెనకాల వెళ్తుంది. ఏజెన్సీ గ్రామానికి దగ్గర్లో ఆసుపత్రే లేకపోతే కార్డు ఉన్నా ముందు బస్సెక్కాలి. అక్కడ రాత్రి తెరిచి ఉండేది ప్రభుత్వ బడ్జెట్‌తో నడిచే పీహెచ్‌సీ లాంటివే.

అందుకే ఈసారి 'ఆసుపత్రులకు ఇన్ని కోట్ల గ్రాంటు' అనే హెడ్‌లైన్ కనిపిస్తే, షేర్ చేసేముందు మూడు విషయాలు వెతకండి. అది కట్టడానికా, నడపడానికా? ఒక్కసారేనా, ప్రతి ఏడాదీనా? పంచేటప్పుడు దేన్ని లెక్కపెడుతున్నారు: వచ్చిన పేషెంట్లనా, వచ్చిన ఆదాయాన్నా, లేక తెల్లవార్లూ తెరిచి ఉన్న ఆ తలుపునా?