గోదావరి వంతెనలో ఒక్క కమాను చాలు

రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1997లో పూర్తయిన రైలు వంతెనకు 28 కమాన్లు ఉన్నాయి. ఒక్కోటి దాదాపు 97.5 మీటర్లు. అన్ని కొలతల్నీ 87వ వంతుకు తగ్గించి ఇంట్లో కట్టాలనుకుంటే ఒక్క కమానే 112 సెంటీమీటర్లు వస్తుంది. మొత్తం వంతెనకు 31 మీటర్ల పొడవున్న గది కావాలి. ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడంతోనే మోడల్ రైల్వే పని మొదలవుతుందని ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

87వ వంతు లెక్కను హెచ్‌ఓ స్కేల్ అంటారు. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది ఇదే. ఇందులో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ స్కేల్ 160వ వంతు, పట్టాల దూరం 9 మిల్లీమీటర్లు. చిన్న ఫ్లాటులో ఉండేవారికి ఎన్ వీలుగా ఉంటుంది. కిటికీ చువ్వలూ, మెట్లూ, గూడ్సు పెట్టె తలుపు గడియా సొంతంగా చెయ్యాలన్న కోరిక ఉన్నవారు హెచ్‌ఓ తీసుకోవడం మంచిది. వేళ్లకు పట్టు దొరుకుతుంది.

ఇప్పటి ఎల్‌హెచ్‌బీ బోగీ పొడవు సుమారు 24 మీటర్లు. హెచ్‌ఓలో అది 27 సెంటీమీటర్లు దాటుతుంది. 24 బోగీల ఎక్స్‌ప్రెస్‌కు ఆరున్నర మీటర్ల పైమాటే. అందుకే ఇంట్లో నడిచే రైలుకు నాలుగైదు బోగీలే ఉంటాయి. చూసేవారికి అది కురచగా అనిపించదు, రెండు జాగ్రత్తలు తీసుకుంటే. ప్లాట్‌ఫారం రైలు కన్నా కొంచెం పొడవుండాలి. రైలు మొదలూ చివరా ఒకేసారి కనబడకుండా మధ్యలో ఒక చెట్టో, గూడ్సు షెడ్డో, రోడ్డు వంతెనో అడ్డుండాలి. కనబడని భాగాన్ని కన్నే పూరించుకుంటుంది.

మన రైళ్లకు ఇంకొక చిక్కుంది. 16.5 మిల్లీమీటర్లను 87తో హెచ్చిస్తే 1,435 మిల్లీమీటర్లు, అంటే ఐరోపాలోనూ అమెరికాలోనూ మామూలుగా వాడే గేజి. మన బ్రాడ్‌గేజి 1,676. హెచ్‌ఓలో అది 19 మిల్లీమీటర్లు దాటాలి. కొన్న పట్టాల మీద మన బోగీని నిలబెడితే కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు కనిపిస్తుంది. చాలామంది దీనితో సర్దుకుంటారు, తప్పు లేదు. అన్నీ సొంతంగా చేసుకునే ఓపిక ఉంటే మాత్రం 100వ వంతు లెక్క పట్టుకోవచ్చు. అప్పుడు 1,676 కాస్తా 16.76 అవుతుంది, బజారులో దొరికే పట్టాలకు దాదాపు సరిపోతుంది. భవనాల నమూనాలు చేసే ఆర్కిటెక్టులు కూడా ఈ కొలత వాడతారు కనుక మనుషుల బొమ్మలూ, చెట్లూ దొరుకుతాయి. నన్నడిగితే ఇంతకన్నా మంచి దారి మీటర్‌గేజి. గేజి మార్పుకు ముందు గుంటూరు నుంచి గుంతకల్లు దాకా నల్లమల గుండా నడిచిన చిన్న రైళ్లను తలచుకోండి. బోగీలు పొట్టివి, మలుపులు బిగువైనవి. చిన్న బల్లకు అవే తగినవి.

బల్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కర్ర ఫ్రేము మీద ప్లైవుడ్, దాని మీద చప్పుడు తగ్గించే కార్క్ షీటు. వానాకాలం తేమకు ప్లైవుడ్ వంగకుండా రెండు వైపులా వార్నిష్ వెయ్యాలి. ఎండకు పట్టాలు సాగుతాయి కనుక అతుకుల దగ్గర కాస్త సందు వదలాలి. ఒక లైను మీదుగా ఇంకొకటి పోవాలంటే హెచ్‌ఓలో సుమారు 8 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున ఎక్కితే ఆ ఎత్తుకే 4 మీటర్ల లైను ఖర్చవుతుంది. కొత్తవాళ్లు గీసే ప్లానులు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

కరెంటు పట్టాల్లోంచే వస్తుంది. పాత పద్ధతిలో వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది, ధనరుణాలు మారిస్తే రైలు వెనక్కి నడుస్తుంది. అయితే ఒకే లైను మీదున్న రెండు ఇంజన్లూ ఒకేసారి కదులుతాయి. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాల్లో ఎప్పుడూ ఒకే వోల్టేజి ఉంటుంది. ఆజ్ఞలు ఇంజనులోని చిప్పుకు అందుతాయి, ఒక్కో ఇంజనుకూ ఒక్కో నంబరు. ఏ పద్ధతైనా సరే, రైలు చుట్టు తిరిగి వచ్చిన దారినే కలిసే చోట ఎడమ పట్టా కుడి పట్టాను తాకి షార్ట్ అవుతుంది. అక్కడ లైనును విడదీసి వేరే స్విచ్చు పెట్టాలి.

అసలు సొగసు నేల మీద ఉంటుంది. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ ఆలెన్ అనే ఫొటోగ్రాఫర్ తన ఇంట్లో కట్టిన ‘గోరీ అండ్ డిఫీటెడ్’ రైల్వే ఈ సంగతి లోకానికి చూపింది. కొత్తగా మెరిసే ఇంజన్లకు ఆయన మసి పూశాడు, తుప్పు పట్టించాడు, కొండల్ని నేల నుంచి పైకప్పు దాకా లేపాడు. 1973 జనవరిలో ఆయన పోయిన కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో అది చాలావరకు నాశనమైంది. ఫొటోలు మిగిలాయి. ఆ పద్ధతి ఈనాటికీ అందరూ అనుసరిస్తున్నారు.

కంకర పరవడమే చూడండి. జల్లించిన సన్నరాయిని స్లీపర్ల మధ్య కుంచెతో సర్ది, సబ్బు చుక్క కలిపిన నీళ్లు ముందు చిలకరించాలి. సబ్బు లేకపోతే నీరు బొట్లుగా నిలిచి రాళ్లను చెదరగొడుతుంది. తరవాత పలచన చేసిన ఫెవికాల్ చుక్కలుగా వదిలి, ఒక రాత్రి ఆరనివ్వాలి. పట్టాల పక్కలకు తుప్పు రంగు వెయ్యాలి, పై అంచు మాత్రం మెరవాలి. ఇంజను ఆగే చోట కంకర నూనెతో నల్లబడాలి. పసుపు బోర్డు మీద ఊరి పేరు తెలుగులోనూ కనబడితే అది మన స్టేషను. ఐదున్నర అడుగుల మనిషి హెచ్‌ఓలో 19 మిల్లీమీటర్లే, కాని 20 మీటర్ల తాడిచెట్టు 23 సెంటీమీటర్లు ఉండాలి. చెట్లను కురచగా చెయ్యడం అందరిలో కనిపించే లోపం.

ఇంజను కొనడానికి ముందే మూడడుగుల పలక మీద ఒక లైను, సగం ప్లాట్‌ఫారం, ఒక వేపచెట్టు చేసి చూడండి. మీ ఊరి స్టేషనులో ప్లాట్‌ఫారం మీదే నిలబడి రంగులు గమనించండి, పట్టాల మీదికి దిగకండి. పుణే వెళ్తే జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూసి రండి. 1998లో తెరిచిన ఆ మ్యూజియంలో మన దేశంలోనే కట్టిన పెద్ద లేఅవుట్ నడుస్తుండగా చూడవచ్చు.