కాశ్మీరపు తెరలపై ఉన్నిపూలు

ద్వారమునకు వ్రేలాడు తెర ఎండను, పరుల దృష్టిని అడ్డగించుటకు ఏర్పడినది. ఆ పనికి ఎట్టి ముతకగుడ్డయైనను చాలును. కాశ్మీరదేశపు పనివారు ఆ ముతకగుడ్డపైననే ఉన్నిదారముతో చినారు ఆకులను, ద్రాక్షతీగలను, బాదముపూలను నింపి, చూచువారి కన్ను అక్కడనే నిలుచునట్లు చేసిరి. వర్తకులు దీనిని 'క్రూయెల్' అందురు. అది ఆంగ్లపదము; పురిపెట్టిన సన్నని ఉన్నిదారమునకు పేరు. దారము పేరే పనికిని పేరైనది.

ఉన్నితో గుడ్డపై కుట్టుట కాశ్మీరమునకే పరిమితము కాదు. ఫ్రాన్సునందలి ప్రసిద్ధమగు బాయో చిత్రపటము 11వ శతాబ్దమున, సుమారు 70 మీటర్ల నారగుడ్డపై ఉన్నిదారముతోనే కుట్టబడినది. 17వ శతాబ్దపు ఆంగ్లేయ గృహిణులు శయ్యల తెరలపై వంకరకొమ్మల మహావృక్షమును కుట్టిరి. ఆ వృక్షమునకును, మన మచిలీపట్నము మొదలగు తూర్పుతీరపు రేవులనుండి ఓడలకెక్కి సీమకేగిన కలంకారీ దుప్పట్లలోని వృక్షమునకును పోలిక స్పష్టము. ఎవరి దానిని చూచి ఎవరు వేసిరను చర్చ పండితులలో కలదు. నమూనాలు ఇరువైపులకును ప్రయాణము చేసినవనుటయే సమంజసము.

అయితే ఆంగ్లేయ స్త్రీ మామూలు సూదితో పలురకముల కుట్లు కుట్టినది. కాశ్మీరపు పనివానికి గొలుసుకుట్టు ఒక్కటే ఆధారము; పనిముట్టు 'ఆరీ' యనబడు కొక్కెపుసూది. మన పట్టణములలో పెండ్లిరవికెలపై మగ్గము వర్కు చేయువారి చేతిలోనిదియు ఈ జాతి సూదియే. ఎడమచేయి గుడ్డ క్రింద దారమును పట్టియుండును. కుడిచేతి ఆరీ పైనుండి గుడ్డను గ్రుచ్చి, దారమును ముడిగా పైకి లాగి, ఆ ముడిలోనుండియే మరల క్రిందికి దిగును. ఇట్లు ఒక లంకెలో ఇంకొక లంకె.

కుట్టువాని కంటె ముందు పని నఖాషుది. అతడు చిత్రమును కాగితముపై వ్రాసి, గీతల వెంబడి సన్నని రంధ్రములు పొడిచి, ఆ కాగితమును గుడ్డపై పరచి పొడి రుద్దును. సాధారణముగా గుడ్డ 'దుసూతీ', అనగా జంటపోగుల నూలుబట్ట. గుడ్డపై చుక్కలుగా దిగిన చిత్రమును కుట్టువాడు మొదట అంచు కుట్టి, పిదప అంచునంటి లోపలికి వరుస వెంబడి వరుసగా చుట్టుకొనుచు పోవును. ఆకు నడుమకు చేరునప్పటికి ఉన్ని దట్టమై, ఆకు గుడ్డపైకి ఉబ్బినట్లు కనబడును. ఈ పనిలోని అందమంతయు ఈ చుట్టులోనే కలదు. నేర్పులేనివాడు అడ్డదిడ్డముగా నింపిన ఆకు చదునుగా, నిర్జీవముగా పడియుండును.

19వ శతాబ్దమున ఫ్రాన్సులో ఇట్టి కొక్కెపుసూదినే యంత్రమునకు అమర్చి గొలుసుకుట్టు కుట్టించిరి. యంత్రము ఒక వస్తువు. దానిని చేతిపనియని చెప్పి అమ్ముట వేరొక విషయము. చేతిపనివాడు దినములతరబడి కుట్టినదానిని యంత్రము స్వల్పకాలమున ముగించును. రెండింటికి ఒక్క పేరే పెట్టి ఒక్క అంగడిలో పరచినచో, కొనువాడు తక్కువ ధరనే ఎన్నుకొనును. చేతిపనివాని కూలి ఆ ధరకే దిగవలసివచ్చును. ఇట్టి మోసములకు అడ్డు కట్టుటకే జమ్మూకాశ్మీరమున 1978లో చేతిపనుల నాణ్యత గూర్చి ఒక చట్టము చేయబడినది. 2021లో యునెస్కో శ్రీనగరమును చేతిపనుల, జానపదకళల నగరముగా తన జాబితాలో చేర్చినది. గౌరవము గొప్పదే, కాని దానివలన కూలి దానంతట అది పెరుగదు.

కొనువాడు తెరను ఒకసారి తిరగవేసి చూడవచ్చును. యంత్రపు కుట్టు వెనుక కొలిచి గీచినట్లుండును. చేతికుట్టునందు ఒక లంకె కొంత పొడవు, ఒక లంకె కొంత పొట్టి. ఆకు మలుపువద్ద చేయి మెల్లగించిన చోట లంకెలు మరికొంత దగ్గరపడియుండును.