నర్సు పని - ఆయా పని

ఉద్దాన ప్రాంతమున మూత్రపిండ వ్యాధి ఎంతగా ప్రబలినదో శ్రోతలెరుగుదురు. పలాసలో 2023 డిసెంబరున ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రియందును, టెక్కలి ప్రభుత్వాసుపత్రియందును రక్తశుద్ధి, అనగా డయాలసిస్, జరుగుచున్నది. రోగి సాధారణముగా వారమునకు రెండు మూడు మార్లు వచ్చి, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు యంత్రముకడ ఉండవలెను.

ఆ నాలుగు గంటలలో రక్తపోటు ఆకస్మికముగా పడిపోవచ్చును, సూది కదలి రక్తము కారవచ్చును. వానిని కనిపెట్టి యుండుట నర్సు విధి. ఆయా రాని పూట దుప్పట్లు మార్చుట, చక్రాల కుర్చీ నెట్టుట, రోగిని మరుగుదొడ్డికి తీసికొనిపోవుట నర్సుకే అప్పగించుట మన ఆసుపత్రులలో వింత కాదు. అవి తక్కువ పనులని నేననను. రోగికి అవియును చికిత్సలో భాగమే. అయితే నర్సు అటు వెళ్లినంతసేపు యంత్రముకడ చూచువారెవరు?

తూకము సంగతి వేరు. రోగిని తూచుట ఆయా పనివలె కన్పట్టును గాని, ఒంటినుండి ఎంత నీరు తీయవలెనో తెలుపునది ఆ తూకమే. శాలువ తీయక తూచినచో దాని బరువును కూడ నీరుగా లెక్కించి అధికముగా తీసివేయుదురు. రోగికి కళ్లు తిరుగవచ్చును. కావున దానిని నర్సు స్వయముగా చూచుకొనుట మేలు. వెంట వచ్చిన బంధువులు దుప్పటికొరకు నర్సును తొందరపెట్టవలదు. రోగి పదేపదే ఆవులించుచున్నను, చెమట పట్టినను మాత్రము తక్షణమే పిలువవలెను.