నెలకు పది వేల తేడా, పదేళ్లు పోతే ఎంత?

బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఉండేది ఫ్లాటు ధర. నెలనెలా కట్టాల్సిన చార్జీ చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చార్జీ ఏటా ఎంత శాతం పెరుగుతుందన్నది అగ్రిమెంటు చివరి పేజీల్లో ఎక్కడో ఉంటుంది. సీనియర్ లివింగ్ కమ్యూనిటీకి మారదామా, ఉన్న అపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోదామా అని ఆలోచిస్తున్న దంపతులు ఈ కాగితాలను చివరి పేజీ నుంచి వెనక్కి చదువుకుంటూ రావడం మంచిది.

కట్టాల్సిన కాలం తక్కువేమీ కాదు మరి. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ కలిసి 2023లో వెలువరించిన ఇండియా ఏజింగ్ రిపోర్ట్ ప్రకారం, మన దేశంలో అరవై నిండినవారు సగటున ఇంకో 18.3 ఏళ్లు బతుకుతారు. మగవారికి 17.5 ఏళ్లు, ఆడవారికి 19. మన ఇళ్లలో భార్య నాలుగైదేళ్లు చిన్నదై ఉండటం మామూలే. రెండూ కలిపి చూస్తే ఆఖరి ఐదారేళ్లు ఆమె ఒక్కతే గడపాల్సి రావచ్చు. అందుకే ఇద్దరున్నప్పటి లెక్క ఒకటి, ఒక్కరే మిగిలినప్పటి లెక్క ఒకటి వేసుకోవాలి.

హైదరాబాద్ వనస్థలిపురంలో మూడో అంతస్తులో సొంత డబుల్ బెడ్‌రూం ఫ్లాటు ఉన్న దంపతులను అనుకుందాం. ఆయనకు 66, ఆవిడకు 62. ఇక్కడి ఖర్చుల అంకెలన్నీ లెక్క కోసం నేను వేసుకున్నవి. మీ ఇంటి అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. మెయింటెనెన్స్ 3,500, గిన్నెలకూ ఇల్లు తుడవడానికీ పనిమనిషి 4,000, రెండు పూటలా వంటమనిషి 8,000, సరుకులు, పాలు, కూరలు, గ్యాస్ 13,000, కరెంటు, నెట్, నీళ్లు 3,500, కుళాయి, గీజరు లాంటి రిపేర్లు 2,000, ఆటోలు, క్యాబ్‌లు 3,000. మొత్తం నెలకు 37,000 రూపాయలు.

ఇదే జంట కమ్యూనిటీలో ఉంటే? సర్వీస్ చార్జీ 20,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,600. చాలామంది ఇక్కడే కంగుతింటారు. మామూలు అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్‌కు కట్టే మెయింటెనెన్స్ నెలకు 7,500 దాటకపోతే జీఎస్టీ లేదు. ప్రభుత్వమో, ఆదాయపన్ను శాఖలో నమోదైన ధార్మిక సంస్థో నడిపే వృద్ధాశ్రమంలో బస, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి మనిషికి నెలకు 25,000 వరకు తీసుకున్నా జీఎస్టీ ఉండదు. కంపెనీ నడిపే కమ్యూనిటీకి ఈ రెండు వెసులుబాట్లూ వర్తించవు. ఆపైన ఇద్దరికి మెస్ భోజనం 15,000, గదిలో పెట్టుకునే పాలు, పళ్లు, కాఫీ పొడి 4,000, కరెంటు, నెట్ 3,000, రాకపోకలు 2,000. మొత్తం 47,600.

అంటే తేడా నెలకు 10,600. ఏడాదికి లక్షా ఇరవై ఏడు వేలు. రాత్రి రెండింటికి బజర్ నొక్కితే నర్సు వస్తుందన్న ధైర్యానికి, వంటమనిషి మానేసిందన్న బెంగ లేకపోవడానికి, సాయంత్రం కబుర్లు చెప్పుకోవడానికి ఈడువాళ్లు దొరకడానికి అది ఎక్కువ కాదని చాలామంది అంటారు. నేనూ కాదనను.

ఇక ఆ చివరి పేజీ సంగతి. ఇంటి ఖర్చులు ఏటా 6 శాతం, కమ్యూనిటీ బిల్లు ఏటా 8 శాతం పెరుగుతాయనుకోండి. పదేళ్లకు ఇంట్లో నెల ఖర్చు సుమారు 66,000, అక్కడ సుమారు 1,03,000. పది వేల చిల్లర తేడా ముప్పై ఆరు వేలు దాటింది. రెండు చోట్లా 6 శాతమే పెరిగితే తేడా 19,000 దగ్గర ఆగేది. ఆ రెండు శాతం తేడాయే ఏటేటా ముదిరే జబ్బు. కాబట్టి మొదట అడగాల్సింది చదరపు అడుగు ధర కాదు, గత ఐదేళ్లలో నెల చార్జీ ఏ ఏడాది ఎంత పెంచారని. పెంపుకు పైహద్దు రాతలో ఉందో లేదో చూడాలి. "మార్కెట్ పరిస్థితులను బట్టి" అని రాసి ఉంటే ఆ మాటకు హద్దంటూ లేదన్నమాట.

ఆదాయం మాత్రం ఇలా ఎదగదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒకరు గరిష్ఠంగా 30 లక్షలు పెట్టవచ్చు. 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకు 20,500 వస్తుంది. ఐదేళ్లపాటు ఆ అంకె కదలదు. దంపతులిద్దరూ చెరో 30 లక్షలు పెట్టగలిగినా నెలకు 41,000. మొదటి ఏడాది కమ్యూనిటీ బిల్లుకే అది చాలదు.

ఇప్పుడు రెండో లెక్క. ఆయన లేరు. ఆవిడ ఒక్కరే. ఇంట్లో సరుకులు తగ్గుతాయి, వంటమనిషి జీతం కొంత తగ్గుతుంది, మెయింటెనెన్స్ మాత్రం పైసా తగ్గదు. నా లెక్కలో 37,000 కాస్తా 28,500 అయింది. కమ్యూనిటీలో భోజనం బిల్లు సగమవుతుంది, సర్వీస్ చార్జీ ఫ్లాటుకింత అని కట్టేది గనక అలాగే ఉంటుంది. 47,600 కాస్తా 37,600 అయింది. రెండు చోట్లా ఖర్చు ఐదోవంతుకు కాస్త పైగా తగ్గింది, అంతే. పెన్షన్ సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వ పాత పెన్షన్ నిబంధనల్లో పెన్షన్ ఆఖరి మూలవేతనంలో 50 శాతం, మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. అంటే వచ్చేది 40 శాతం తగ్గుతుంది. మొదట కొన్నేళ్లు హెచ్చు రేటున ఇచ్చినా, పెన్షనరు బతికి ఉంటే 67 ఏళ్లు నిండే తేదీతో అదీ ఆగిపోతుంది. ఏ ఇంటిని ఎంచుకున్నా ఆవిడ పేర విడిగా డబ్బు ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఒంటరిగా ఉన్న ఆవిడ మంచాన పడితే? ఇక్కడ చాలా కుటుంబాలకు ఒక అపోహ ఉంది. కమ్యూనిటీలో చేరితే సేవ చేసే మనిషి కూడా ఆ చార్జీలోనే వస్తుందనుకుంటారు. ఎక్కువ చోట్ల మామూలు ఫ్లాటు చార్జీలో ఉండేది ఇల్లు తుడవడం, సెక్యూరిటీ, అత్యవసరానికి నర్సు. స్నానం చేయించే, పక్క మార్చే మనిషికి ధర వేరు. ఇరవై నాలుగు గంటల అటెండెంట్ 27,000, ఆమె భోజనం 4,000 అనుకుంటే ఇంట్లో 59,500, అక్కడ 68,600. డబ్బులో ఇల్లే చవక. కానీ సంక్రాంతికి ఊరెళ్లిన అటెండెంట్ తిరిగి రాకపోతే ఇంకొకరిని వెతికే పని ఎవరిది? అమెరికాలో ఉన్న కొడుకుదా, పక్క ఫ్లాటువాళ్లదా? కమ్యూనిటీ నిజంగా విలువైనదయ్యేది అప్పుడే. ఆ పూచీ రాతలో ఉంటేనే.

ఇంటి నిర్మాణం గురించి కూడా కొన్ని కొలతలు. టేపు పట్టుకుని మీ లిఫ్టు లోపల కొలవండి. ఆరుగురు పట్టే లిఫ్టు ప్రామాణిక కొలత 110 సెంటీమీటర్లు, 100 సెంటీమీటర్లు. స్ట్రెచర్ పొడవు దాదాపు రెండు మీటర్లు. పేషెంటును కూర్చోబెట్టి దించాలి, కూర్చోలేకపోతే దుప్పట్లో పెట్టి నలుగురు మెట్ల మీదుగా మోయాలి. బాత్రూం తలుపు మరోటి. రెండున్నర అడుగుల ఫ్రేములో తలుపు మందం, బోల్టు పోను 27, 28 అంగుళాలు మిగిలితే గొప్ప. పెద్దవాళ్ల చక్రాల కుర్చీ 25 అంగుళాల దాకా ఉంటుంది. తోసేవాళ్ల వేళ్లు గోడకు ఒరుసుకుంటాయి. లిఫ్టును మార్చలేం గానీ బాత్రూంను మార్చుకోవచ్చు. గడప తీసేసి, జారని టైల్స్ వేసి, గోడకు పట్టుకునే రాడ్లు బిగించి, వెడల్పు తలుపు పెట్టించుకుంటే రెండు లక్షల లోపే అవుతుందని అనుకోవచ్చు. కమ్యూనిటీకి రెండేళ్లు అదనంగా కట్టేదానికంటే అది తక్కువ. వీడియో కాల్‌లో పిల్లలు స్విమ్మింగ్ పూల్ చూసి ముచ్చటపడతారు గానీ, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు కావలసింది గడప లేని బాత్రూమే.

ఫ్లాటు అమ్మి అక్కడ కొనాలనుకునేవారు పన్నులు చూసుకోవాలి. నిర్మాణంలో ఉన్న ఇల్లు 55 లక్షలైతే జీఎస్టీ 5 శాతం కింద 2,75,000. తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం లెక్కన 4,12,500. మొత్తం 6,87,500 పోయినట్టే, నచ్చక ఆరు నెలల్లో వచ్చేసినా తిరిగి రాదు. ఇంకో చిక్కుంది. పాత ఇల్లు అమ్మిన లాభంతో గడువులోగా మరో ఇల్లు కొంటే మూలధన లాభాల పన్ను మినహాయింపు దొరుకుతుంది. అదే డబ్బును కమ్యూనిటీలో తిరిగిచ్చే డిపాజిట్‌గా కట్టి లీజుకు ఉంటే అది ఇల్లు కొన్నట్టు కాదు. రిజిస్ట్రేషన్ అయినా రేపు పిల్లలు అందులో ఉండలేకపోవచ్చు. చాలాచోట్ల నివాసానికి 55 ఏళ్ల నిబంధన ఉంటుంది. అమ్ముదామన్నా కొనేవాళ్లు ఆ వయసువాళ్లలోనే దొరకాలి.

నా సలహా అడిగితే ముందు అద్దెకు వెళ్లమంటాను. మీ ఫ్లాటు 18,000కు ఇచ్చి, అక్కడ 25,000కు తీసుకుంటే నెలకు 7,000 చేతినుంచి పడుతుంది. ఏడాదికి 84,000. పైన చెప్పిన పన్నుల్లో ఎనిమిదో వంతు. ఆ ఏడాదిలో మెస్సులో పప్పుచారు ఎలా ఉంటుందో, ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఉన్న ఆ కమ్యూనిటీ నుంచి మీకు అలవాటైన గుండె డాక్టరు దగ్గరికి ఎంతసేపు పడుతుందో, రాత్రి డ్యూటీ నర్సు నిజంగా ఉందో లేదో మీకే తెలుస్తుంది.

కొనేదాకా వస్తే ఒక కాగితం చదవండి. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019 మార్చిలో రిటైర్మెంట్ హోమ్స్‌కు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్డరు, సేవలందించే సంస్థ, కొనేవారు ముగ్గురూ కలిసి ఒప్పందం చేసుకోవాలన్నది అందులో ఒక అంశం. బిల్డరు కట్టేసి వెళ్లిపోతే సేవలకు బాధ్యులెవరో తేలేది దాంట్లోనే. అవి నమూనా మాత్రమే, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలవుతాయి. మహారాష్ట్ర స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) 2024లో తన నిబంధనలు తెచ్చుకుంది. ఒప్పందం అలా మూడు పక్షాలదిగా ఉండాలని మీరే అడగవచ్చు.

వాయిదా వేసేవాళ్లకు ఒక మాట. తన పనులు తాను చేసుకోగలిగినవారినే మామూలు ఫ్లాట్లలో చేర్చుకునే కమ్యూనిటీలు చాలా ఉన్నాయి. తుంటి ఎముక విరిగాక వెళితే వాళ్లు చూపించేది అసిస్టెడ్ లివింగ్ గది, దాని రేటు కార్డు వేరు. ఆ కార్డును కూడా మొదటిసారి చూడటానికి వెళ్లినప్పుడే అడిగి తెచ్చుకోండి.